తలుపు మీద అతికించిన కాగితం

గాజు తలుపు మీద ఒక తెల్లకాగితం. "తోయండి" అని పెద్ద అక్షరాలు, నాలుగు మూలలా టేపు. టేపు అంచులు పసుపెక్కి దుమ్ము పట్టాయంటే ఆ కాగితం అక్కడికి వచ్చి చాలాకాలమే అయిందన్నమాట. ఆఫీసు, ఆసుపత్రి, బ్యాంకు, గ్రంథాలయం, ఎక్కడైనా ఇలాంటిది కనిపిస్తుంది. దాన్ని ఎవరూ ఊరికే అతికించరు. అంతకుముందు ఎంతోమంది వచ్చి ఆ తలుపు పిడి పట్టుకుని లాగి ఉంటారు. అది దడదడమంటుంది గానీ రాదు. ఒక క్షణం తడబడి, ఎవరైనా చూశారేమోనని పక్కకి ఓ చూపు చూసి, అప్పుడు తోసి లోపలికి వచ్చి ఉంటారు. లోపల కూర్చున్న ఉద్యోగి ఆ తంతు చూసి చూసి, ఇక లాభం లేదని ఒక కాగితం తీసి రాసి ఉంటాడు.

ఆ కాగితంలో రెండు సంగతులున్నాయి. ఎలా తెరవాలో తలుపు తనంతట తాను చెప్పలేకపోయింది. మనుషులు ఎక్కడ తడబడుతున్నారో ఎవరో ఒకరు గమనించారు. డిజైన్ అనగానే రంగులు, ఆకారాలు, ఖరీదైన కుర్చీలు గుర్తుకు రావడం మామూలే గానీ, ఆ పనిలో ప్రాణం ఉన్నది ఈ గమనింపులోనే. కాకపోతే ఆ ఉద్యోగి చేసిన పని తలుపు బిగించక ముందే ఎవరో చేసి ఉండాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కాగితం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

తలుపును కాస్త దగ్గరగా చూడండి. రెండు వైపులా నిలువుగా ఒకేలాంటి స్టీలు పిడి ఉంటుంది. గుప్పిట్లో ఇమిడే పిడి కనబడితే చెయ్యి దాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్న చెయ్యి లాగుతుంది. అదే చోట పిడి బదులు చదునైన రేకు బిగించి ఉంటే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అరచెయ్యి తనంతట తానే దానికి ఆనుతుంది, తలుపు తెరుచుకుంటుంది. లాగాల్సిన వైపు పిడి, తోయాల్సిన వైపు రేకు ఉంటే కాగితంతో పనే లేదు.

ఒక వస్తువు ఒక ప్రాణికి ఏ పనికి ఆస్కారం ఇస్తుందో దానికి అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్ 'అఫోర్డెన్స్' అని పేరు పెట్టారు. ఆ మాటను 1980లలో డిజైన్ రంగంలోకి తెచ్చింది డొనాల్డ్ నార్మన్ అనే మరో అమెరికన్ పరిశోధకుడు. తర్వాత ఆ మాటను జనం రకరకాలుగా వాడేస్తుంటే, ఆయనే దానికి ఇంకో మాట జతచేశారు: 'సిగ్నిఫయర్', అంటే సూచన. తలుపు తోస్తే తెరుచుకోవడం ఆస్కారం. తోయాలని చూడగానే తెలియడం సూచన. మన గాజు తలుపుకు మొదటిది ఉంది, రెండోది లేదు. ఉన్న ఒక్క సూచనా అబద్ధం చెబుతోంది. ఇలాంటి తలుపుల గురించి నార్మన్ ఎన్నిసార్లు మొత్తుకున్నారంటే, వాటికి ఇంగ్లిషులో 'నార్మన్ తలుపులు' అనే పేరే స్థిరపడిపోయింది.

మరి ఇంత తేలిక సంగతి తెలిసి కూడా రెండు వైపులా ఒకేలాంటి పిడి ఎందుకు పెడతారు? గాజులోంచి చూస్తే రెండు పిడులూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా ఉంటాయి. చూడటానికి బాగుంటుంది. కొనేటప్పుడు ఒకే రకం వస్తువు జతలు జతలుగా కొంటే సరిపోతుంది. పైగా కట్టడం పూర్తవగానే తీసిన ఫొటోలో ఎవరూ తలుపు తెరవరు. నిర్ణయం తీసుకున్నవాళ్ళ కళ్ళముందు ఆ ఫొటోయే ఉంటుంది. తడబడ్డవాళ్ళు వాళ్ళకి ఎప్పుడూ కనబడరు.

ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా అనిపించవచ్చు. కానీ చదవడానికి తీరిక లేని తలుపులు కూడా ఉంటాయి. 1883 జూన్ 16న ఇంగ్లండులోని సండర్లండ్ పట్టణంలో, విక్టోరియా హాల్ అనే చోట పిల్లల కోసం ఒక ప్రదర్శన జరిగింది. చివర్లో వేదిక దగ్గర బహుమతులు పంచుతున్నారని తెలిసి, పై అంతస్తులో ఉన్న పిల్లలు మెట్ల మీదుగా పరుగెత్తారు. మెట్ల కింద తలుపు ఒక్కొక్కరే పట్టేంత సందు వదిలి గడియ వేసి ఉంది. ముందున్నవాళ్ళు ఇరుక్కుపోయారు. వెనకున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. 183 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఇరవయ్యేళ్ళకు, 1903 డిసెంబరు 30న, చికాగోలోని ఇరాక్వాయ్ థియేటరులో మంటలు లేచినప్పుడు 600 మందికి పైగా చనిపోయారు. అక్కడ కొన్ని తలుపులకు బిగించిన గడియలు ఎలా తీయాలో ఆ పొగలో, ఆ తొక్కిసలాటలో చాలామందికి తెలియలేదు.

ఆ రోజు ఆ ప్రదర్శనకు వెళ్ళాల్సి ఉండి వెళ్ళలేకపోయిన కార్ల్ ప్రింజ్లర్ అనే వ్యాపారి, హెన్రీ డుపాంట్ అనే ఇంజనీరుతో కలిసి ఒక పరికరం తయారు చేయించారు. అది 1908లో అమ్మకానికి వచ్చింది. సినిమా హాళ్ళలో, మాల్స్‌లో అత్యవసర ద్వారాలకు నడుము ఎత్తులో అడ్డంగా కనిపించే కడ్డీ అదే. దాన్ని నొక్కితే గడియ జారి తలుపు బయటికి తెరుచుకుంటుంది. చేత్తోనే నొక్కాలని లేదు, మోచేయి తగిలినా, ఒళ్ళు ఆనినా చాలు. చదవక్కర్లేదు, వెలుతురు అక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. ఇందులో కదిలించే విషయం ఒకటుంది. సండర్లండ్ మెట్ల మీద పిల్లల్ని చంపింది వెనకనుంచి వచ్చిన తోపుడే. ఇక్కడ తలుపును తెరిచేది కూడా ఆ తోపుడే. భయపడిన గుంపు ఏం చేస్తుందో చూసి, దాన్ని మార్చాలని చూడకుండా, దానితోనే పని జరిగేటట్టు చేశారు. గుంపుకు క్రమశిక్షణ లేదని తీర్మానించి, "తోసుకోవద్దు" అని గోడ మీద రాసి ఊరుకోవచ్చు. చాలాచోట్ల అదే చేశారు కూడా.

ఇక వంటింట్లోకి వస్తే, నాలుగు బర్నర్ల స్టవ్ ఉంది. బర్నర్లు చతురస్రంగా ఉంటాయి: వెనక రెండు, ముందు రెండు. వాటిని తిప్పే నాబ్‌లు మాత్రం ముందు పట్టీ మీద ఒకే వరసలో నాలుగు. ఏ నాబ్ ఏ బర్నర్‌ది? లెక్క వేస్తే నాలుగు నాబ్‌లను నాలుగు బర్నర్లకు జత చేయడానికి 24 మార్గాలున్నాయి. ఎడమవైపు రెండు నాబ్‌లూ ఎడమ బర్నర్లవేనని అనుకున్నా, వాటిలో ముందుది ఏది, వెనకది ఏది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అందుకే ప్రతి నాబ్ పక్కన ఒక చిన్న బొమ్మ అచ్చువేసి ఉంటుంది: నాలుగు చుక్కలు, వాటిలో ఒకటి మాత్రం నిండుగా. అది తలుపు మీద కాగితమే. కాకపోతే ఈసారి దాన్ని కంపెనీయే అతికించి పంపింది. పైగా కొన్నాళ్ళు తుడిచేసరికి ఆ చుక్కలు చెరిగిపోతాయి కూడా.

దీనికి మందు ఎప్పుడో దొరికింది. 1959లో ఆల్ఫాన్స్ చపానిస్, లిండెన్‌బామ్ అనే పరిశోధకులు నాలుగు రకాల అమరికలను మనుషుల చేత వాడించి చూశారు. వాటిలో ఒక అమరికలో వెనక బర్నర్లను ముందు బర్నర్ల నుంచి కాస్త పక్కకు జరిపారు. అలా జరిపితే ఎడమ నుంచి కుడికి చూసినప్పుడు నాలుగు బర్నర్లూ నాలుగు వేర్వేరు స్థానాల్లో పడతాయి. నాబ్‌ల వరస కూడా అదే క్రమం. ఆ అమరికతో ఒక్కరు కూడా ఒక్కసారి కూడా పొరబడలేదు. మిగతా మూడింటిలోనూ పొరపాట్లు జరిగాయి. ఇది ప్రచురించి అరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ దుకాణంలో దొరికే స్టవ్‌లలో ఎక్కువ భాగం చతురస్రం, వరస, చుక్కల బొమ్మలే.

కారణాలు లేకపోలేదు. బర్నర్లను జరిపితే వెడల్పు పెరుగుతుంది, పక్కపక్కన పెద్ద గిన్నెలు పట్టవు, ఉన్న అచ్చులు మార్చాలి. అయితే వీటన్నిటికన్నా పెద్ద కారణం ఇంకోటి ఉందనిపిస్తుంది. స్టవ్ కొనేటప్పుడు ఎవరూ దాని మీద వండి చూడరు. గాజు మెరుపు చూస్తారు, నాబ్ తిప్పినప్పుడు వచ్చే టక్కుమన్న శబ్దం వింటారు. దాని అసలు పరీక్ష ఇంటికి వచ్చాక మొదలవుతుంది, అప్పటికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. మొదటి వారం రెండుమూడు సార్లు వేరే బర్నర్ వెలుగుతుంది. నెలకల్లా అలవాటైపోతుంది.

ఈ 'అలవాటైపోతుంది' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మనిషి దేనికైనా అలవాటు పడగలడు. అది గొప్ప శక్తే. కానీ ఆ శక్తి ఉన్నందువల్లే లోపాలు ఉన్నచోటే ఉండిపోతాయి. అలవాటు పడ్డాక మనకు ఇబ్బంది కనబడదు, కనబడనిదాన్ని ఎవరికీ చెప్పం, ఎవరూ చెప్పనిదాన్ని కంపెనీ మార్చదు. ఇంటికి వచ్చిన చుట్టం టీ పెట్టబోయి వేరే నాబ్ తిప్పినప్పుడు, "అది కాదు, పక్కది" అని నవ్వుతాం. తప్పు ఆ మనిషిది అయిపోతుంది. చూపు మందగించిన పెద్దవాళ్ళు పొరబడితే వయసు మీద వేస్తాం. మనమే పొరబడితే "నా బుర్ర ఎక్కడుందో" అనుకుంటాం. స్టవ్‌ను ఎవరూ ఏమీ అనరు.

తప్పు మనిషిదా, వస్తువుదా అన్న ప్రశ్నను తొలినాళ్ళలోనే గట్టిగా అడిగినవాళ్ళలో ఆ చపానిస్ ఒకరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఒక సమస్య వచ్చింది. బీ-17 వంటి బాంబర్ విమానాలు క్షేమంగా నేల మీద దిగాక, పైలట్లు రెక్కల మీది ఫ్లాప్‌లు (దిగేటప్పుడు తెరిచే పలకలు) మూయబోయి చక్రాలు లోపలికి ముడిచేస్తున్నారు. విమానం పొట్ట మీద కూలబడుతోంది. నివేదికల్లో దీన్ని పైలట్ పొరపాటు అని రాశారు. శిక్షణ పొందినవాళ్ళు, ప్రాణాలకు తెగించి తిరిగొచ్చినవాళ్ళు ఒకే తప్పు పదేపదే ఎందుకు చేస్తారు? 1943లో చపానిస్ కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే చక్రాల మీట, ఫ్లాప్‌ల మీట పక్కపక్కనే ఉన్నాయి. దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆ రెండూ అలా లేని సీ-47 విమానంలో ఈ సమస్యే రాలేదు. ఆయన చేసిన మార్పు చాలా చిన్నది. చక్రాల మీట కొసకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీట కొసకు ఒక పక్కకి సన్నబడే బిళ్ళ బిగించారు. కళ్ళు రన్‌వే మీదే ఉన్నా ఏది పట్టుకున్నామో వేళ్ళకు తెలిసిపోతుంది. ఇప్పటి ప్రయాణికుల విమానాల్లో కూడా చక్రాల మీట కొస చక్రం ఆకారంలోనే ఉంటుంది. అలా ఉండాలని నిబంధనే ఉంది. యుద్ధం ముగిశాక, 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు 460 'పైలట్ పొరపాట్ల'ను విశ్లేషించినప్పుడు తేలిందీ ఇలాంటిదే: ఒక మీట అనుకుని ఇంకో మీట కదిపినవే వాటిలో పెద్ద భాగం.

వస్తువు ముందే చెప్పాల్సినవి కొన్నయితే, పని అయ్యాక చెప్పాల్సినవి కొన్ని. 1979 మార్చి 28న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని, మళ్ళీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దానికి సంబంధించిన దీపం మాత్రం ఆరిపోయింది. ఎందుకంటే ఆ దీపానికి వాల్వు మూసుకుందో లేదో తెలియదు. మూసుకోమని ఆదేశం వెళ్ళిందో లేదో మాత్రమే దానికి తెలుసు. సిబ్బంది వాల్వు మూసుకుందనే అనుకున్నారు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు బయటికి పోతూనే ఉంది. అణు ఇంధనం ఉండే రియాక్టరు గర్భంలో దాదాపు సగం కరిగిపోయింది. సిబ్బంది శిక్షణలో లోపాలున్నాయన్నది నిజమే. అయినా "చెప్పాను" అన్నదానికీ "జరిగింది" అన్నదానికీ తేడా చూపలేని దీపాన్ని నమ్ముకుని ఎవరు మాత్రం ఏం చేయగలరు?

ఈ తేడాను చక్కగా చూపించే వస్తువు ఇప్పుడు అందరి చేతిలోనూ ఉంది. వాట్సాప్‌లో సందేశం పంపితే ముందు ఒక టిక్కు వస్తుంది: పంపడం అయింది. తర్వాత రెండు టిక్కులు: అవతలి ఫోనుకు చేరింది. అవి నీలంగా మారితే చదివారు. మూడు వేర్వేరు నిజాలు, మూడు వేర్వేరు గుర్తులు. ఏది ఎంతవరకు తెలుసో అంతవరకే చెబుతుంది. అలాగని దానివల్ల గొడవలు రాలేదని కాదు. నీలి టిక్కు చూసి జవాబు రాలేదని నొచ్చుకున్న స్నేహాలు ఎన్నో. అందుకే ఆ నీలం రంగును ఆపుకునే వీలు కూడా తర్వాత ఇచ్చారు. సమాచారం ఇవ్వడం ఎంత అవసరమో, ఎవరికి ఎంత ఇవ్వాలన్నది అంత కష్టమైన ప్రశ్న.

జాగ్రత్తగా ఉండమని మనుషులకు చెప్పడం కన్నా పని జరిగే తీరును మార్చడం మేలని జపాన్ ఇంజనీరు షిగెయో షింగో ఒక చిన్న పళ్ళెంతో చూపించారు. 1961లో ఒక కర్మాగారంలో స్విచ్‌లు బిగించేవారు. ఒక్కో స్విచ్‌లో రెండు చిన్న స్ప్రింగులు పెట్టాలి. అప్పుడప్పుడు ఒకటి మర్చిపోయేవారు. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా పైవాళ్ళు మందలించేవారు, కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ మొదటికి వచ్చేది. వందల స్ప్రింగులున్న పెట్టెలోంచి రెండు తీసుకున్నామో ఒకటే తీసుకున్నామో చూసి చెప్పలేం. షింగో ఏం చేశారంటే, ముందుగా రెండు స్ప్రింగులు తీసి పళ్ళెంలో పెట్టుకోమన్నారు, తర్వాతే బిగించమన్నారు. స్విచ్ పూర్తయ్యాక పళ్ళెంలో ఒకటి మిగిలి ఉంటే మర్చిపోయినట్టే. ఎవరూ చెప్పక్కర్లేదు. మొదట్లో ఇలాంటి పద్ధతులకు మూర్ఖుల నుంచి రక్షణ అనే అర్థం వచ్చే పేరు ఉండేది. కొన్నేళ్ళకు ఇంకో చోట ఆ మాట విని ఒక కార్మికురాలు నేనంత మూర్ఖురాలినా అని కన్నీళ్ళు పెట్టుకుందట. షింగో ఆ పేరు మార్చి 'పొకా-యోకే' అన్నారు: పొరపాటు నుంచి రక్షణ. ఈ రంగంలో మనుషుల పట్ల ఉండాల్సిన మర్యాద ఎలాంటిదో చెప్పడానికి ఈ పేరు మార్పును మించిన ఉదాహరణ దొరకదు.

ఏటీఎంలో జరిగిందీ ఇదే. నోట్లు ముందు ఇచ్చి, కార్డు తర్వాత ఇచ్చే యంత్రాల దగ్గర జనం కార్డు మర్చిపోయేవారు. వచ్చిన పని నోట్లతో అయిపోయింది కాబట్టి మనసు అప్పటికే బయటికి నడుస్తూ ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల కార్డు తీసుకుంటేగానీ నోట్లు రావు.

ఇలాంటివన్నీ ఎలా పుడతాయి? డిజైన్ ప్రక్రియ గురించి చెప్పే పాఠాల్లో ఒక బొమ్మ బాగా వాడుకలో ఉంది. 2005 ప్రాంతంలో బ్రిటిష్ డిజైన్ కౌన్సిల్ గీసిన 'డబుల్ డైమండ్'. పక్కపక్కన రెండు వజ్రాలు. మొదటి దాంట్లో సమస్యను నలుదిక్కులా వెతికి, ఒక చోటికి కుదిస్తారు. రెండో దాంట్లో పరిష్కారాలను విస్తరింపజేసి, ఒకదాని దగ్గర ఆగుతారు. బొమ్మ ఉపయోగమైనదే, ముఖ్యంగా పరిష్కారం వైపు పరుగెత్తే తొందరను అది ఆపుతుంది. కానీ దాన్ని చూసి, పని ఎడమ నుంచి కుడికి సాఫీగా సాగుతుందనుకుంటే మోసపోయినట్టే. హోర్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబర్ అనే ఇద్దరు ఆచార్యులు 1973లోనే ఒక మాట అన్నారు: కొన్ని సమస్యలను పరిష్కరించబోతేనే గానీ సమస్య ఏమిటో అర్థం కాదు. డిజైన్‌లో చాలా పనులు ఆ కోవలోవే. ఏదో ఒకటి చేసి చేతికిస్తే, అవతలివాళ్ళు దాన్ని మనం ఊహించని చోట పట్టుకుంటారు. అసలు ప్రశ్న అప్పుడు తెలుస్తుంది.

నమూనాలు చేసేది అందుకే. 1990లలో జెఫ్ హాకిన్స్ అనే అమెరికన్ ఇంజనీరు జేబులో పట్టే కంప్యూటర్ తయారు చేయాలనుకున్నప్పుడు, ముందుగా చొక్కా జేబులో పట్టేంత చెక్కముక్క కోసుకున్నారు. రాయడానికి ఒక పుల్ల. ఎవరైనా ఫలానా రోజు తీరిక ఉందా అని అడిగితే, ఆ చెక్క బయటికి తీసి, పుల్లతో దాని మీద నొక్కుతూ, తేదీ చూసుకుంటున్నట్టు నటించేవారు. పక్కవాళ్ళు విచిత్రంగా చూసి ఉంటారు. కానీ ఆయనకు కావలసిన జవాబులు ఆ చెక్క దగ్గర దొరికాయి: రోజంతా మోయగలనా, ఎన్నిసార్లు బయటికి తీస్తాను, దేనికోసం తీస్తాను? 1996లో వచ్చిన పామ్ పైలట్ ఆ చెక్కముక్క నుంచి పుట్టిందే. ఇంకో వైపు, జేమ్స్ డైసన్ అనే బ్రిటిష్ ఆవిష్కర్త సంచి అక్కర్లేని వాక్యూమ్ క్లీనర్ కోసం 5,127 నమూనాలు చేశారు. హాకిన్స్ చెక్కముక్కతో మనిషిని ప్రశ్నించారు, డైసన్ నమూనాలతో గాలినీ ధూళినీ ప్రశ్నించారు. రెండూ నమూనాలే గానీ దారులు వేరు. ఎన్ని నమూనాలు చేశామన్నది కాదు, ఒక్కోదానితో ఏం అడుగుతున్నామో తెలియడం ముఖ్యం. పైగా నమూనా ఎంత ముతకగా ఉంటే జనం అంత ధైర్యంగా నోరు విప్పుతారు. నున్నగా మెరిసే వస్తువు చేతిలో పెట్టి ఎలా ఉందని అడిగితే, మర్యాద కోసమైనా బాగుందనే అంటారు.

శ్రద్ధగా పరీక్షించి తీసుకున్న నిర్ణయాలు కూడా కాలంలో చిత్రంగా కలిసి కూర్చుంటాయి. ఫోనులో డయల్ చేసే తెర తెరవండి: పైవరసలో 1, 2, 3. అదే ఫోనులో కాలిక్యులేటర్ తెరవండి: పైవరసలో 7, 8, 9. ఒకే చేతిలో, ఒకే గాజు మీద, రెండు తలకిందుల వరసలు. లెక్కల యంత్రాల్లో 7, 8, 9 పైన ఉండటం పాత ఆచారం. బెల్ ల్యాబ్స్‌వాళ్ళు 1950ల చివర్లో బటన్ల ఫోను కోసం పన్నెండుకు పైగా అమరికలను మనుషుల చేత నొక్కించి చూసి 1, 2, 3 పైన ఉండేదాన్ని ఎంచుకున్నారు. ఆ ఫోను 1963లో వచ్చింది. విడివిడి యంత్రాలుగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఇబ్బంది లేదు. రెండూ ఒకే తెర మీదకు వచ్చేసరికి, ఇప్పుడు ఏది మార్చినా కోట్ల వేళ్ళ అలవాటు చెడుతుంది.

ఎవరి కోసం చేస్తున్నాం అన్న ప్రశ్నకు దొరికిన మంచి జవాబుల్లో ఒకటి కూరగాయల పీలర్. పాతకాలం పీలర్ పిడి వంచిన ఇనుప రేకు, అరచేతిలో కోసుకుంటుంది. వంటసామాను వ్యాపారి సామ్ ఫార్బర్ భార్యకు చేతుల్లో కీళ్ళవాతం. ఆమె దాన్ని పట్టుకోవడానికి పడే అవస్థ చూసి ఆయన స్మార్ట్ డిజైన్ అనే సంస్థతో కలిసి కొత్త పిడి చేయించారు. 1990లో ఆక్సో పేరుతో అది బజారుకు వచ్చింది. లావుగా, మెత్తటి నల్లరబ్బరుతో ఉంటుంది. గుండ్రంగా కాకుండా కోలగా ఉంటుంది కాబట్టి తడిచేతిలో కూడా తిరిగిపోదు. బొటనవేలు, చూపుడువేలు ఆనే చోట రెండు పక్కలా సన్నని పొరలు పొరలుగా కోతలు పెట్టారు. నొక్కితే అవి వంగుతాయి, వేళ్ళు ఎక్కడ పెట్టాలో అవే చెబుతాయి. దీన్ని వికలాంగుల సామాను అనే అరలో పెట్టలేదు. అందరికీ అమ్మారు, అందరూ కొన్నారు. నొప్పి చేతికి సుఖంగా ఉన్నది మామూలు చేతికి ఇంకా సుఖంగా ఉంటుంది. చక్రాల కుర్చీలో తిరిగిన వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ 1985లో 'యూనివర్సల్ డిజైన్' అని పేరు పెట్టింది ఈ ఆలోచనకే. కుర్చీ కోసం ఫుట్‌పాత్ అంచున వేసిన వాలు మీదుగానే సూట్‌కేసు లాక్కెళ్ళేవాళ్ళు, పసిపిల్లల బండి తోసేవాళ్ళు కూడా దిగుతారు.

ప్రతిసారీ ఇలా అందరికీ ఒకేసారి మేలు జరగదు. మందుల సీసాకు నొక్కి తిప్పితేనే వచ్చే మూత ఉంటుంది. పిల్లలు మాత్రలు మింగి ప్రాణాల మీదికి తెచ్చుకోవడం చూసి, కెనడాకు చెందిన పిల్లల వైద్యుడు హెన్రీ బ్రో 1960లలో దీన్ని తెచ్చారు. 1970లో అమెరికాలో చట్టం వచ్చింది. చిన్నారుల ప్రాణాలు నిలిచాయి. కానీ ఆ మూత కీళ్ళనొప్పుల చేతులకు కూడా లొంగదు, ఆ మందులు ఎక్కువగా కావలసింది ఆ చేతులకే. దాంతో పెద్దవాళ్ళు మూతను వదులుగా పెట్టి ఉంచడం, మాత్రలను వేరే డబ్బాలో పోసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఇంటికి మనవలు వస్తే రక్షణ గాలికి పోయినట్టే. 1995లో అమెరికా నిబంధనలు మార్చి, పరీక్షలో 50 నుంచి 70 ఏళ్ళ వయసువాళ్ళను కూడా చేర్చారు. ఇప్పుడు మూత పసిపిల్లలకు రాకూడదు, పెద్దలకు రావాలి. ఇద్దరి చేతా తెరిపించి చూడాలి. ఇంతకన్నా న్యాయమైన పరీక్ష ఊహించడం కష్టం, కానీ దాన్ని కనుక్కోవడానికి పాతికేళ్ళు పట్టింది.

కొన్నిసార్లు వెనక్కి లాగేది డబ్బే. యూఎస్‌బీ మొన ఒక వైపే ఎందుకు దూరుతుందని విసుక్కోనివాళ్ళు ఉండరు. ఇంటెల్‌లో ఆ బృందాన్ని నడిపిన అజయ్ భట్, రెండు వైపులా దూరేలా చేస్తే తీగలు రెట్టింపై ఖర్చు పెరిగేదని చెప్పారు. కొత్త ప్రమాణాన్ని అందరి చేతా ఒప్పించాల్సిన ఆ రోజుల్లో అది తప్పుడు లెక్క కాదు. ఎటు తిప్పినా దూరే సీ రకం 2014లో వచ్చింది.

కంపెనీలు మార్చేదాకా జనం చేతులు కట్టుకుని కూర్చోరు. గోడ మీద ఒకే వరసలో ఆరు స్విచ్‌లుంటే, ఫ్యాన్‌దాని మీద గోళ్ళరంగు చుక్క పెడతారు. రిమోట్‌లో వాడని బటన్ల మీద టేపు అతికించి, పెద్దవాళ్ళకు కావలసిన మూడింటినే బయటికి వదులుతారు. ఒకేలాంటి రెండు తాళంచెవుల్లో ఒకదానికి దారం కడతారు. పార్కులో గుండ్రంగా వేసిన బాట వదిలి గడ్డిలోంచి అడ్డంగా నడిచి నడిచి సొంత దారి వేస్తారు. ఇవన్నీ చేసేవాళ్ళు తమను డిజైనర్లనుకోరు. కానీ ఇబ్బందిని గుర్తుపట్టారు, చేతికందిన వస్తువుతో తీర్చారు, కుదరకపోతే మార్చారు. వృత్తిలో ఉన్నవాళ్ళు వెళ్ళి వెతుక్కోవాల్సిన సమాచారమంతా ఈ చుక్కల్లో, టేపుల్లో, దారాల్లో ఉంది.

స్నానాల గదిలో షాంపూ, కండిషనర్ సీసాలు ఒకే కంపెనీవైతే ఆకారం ఒకటే, మూత ఒకటే, పేరు రాసిన అక్షరాలే వేరు. చూపు లేనివాళ్ళకు ఆ అక్షరాలు లేనట్టే. తలనిండా నురగతో కళ్ళు గట్టిగా మూసుకున్న ఎవరికైనా లేనట్టే. ఒక సీసాకు రబ్బరుబ్యాండు చుట్టుకుంటే సమస్య తీరుతుంది, కానీ ప్రతి కొత్త సీసాకూ మళ్ళీ చుట్టాలి. 1991లో జపాన్‌లోని కావో సంస్థ షాంపూ సీసా పక్కభాగంలో నిచ్చెన మెట్లలాగా వరసగా సన్నని గీట్లు పెట్టడం మొదలుపెట్టింది. కండిషనర్ సీసాను నున్నగానే ఉంచింది. ఆ ఆలోచన మీద హక్కులు తన దగ్గరే ఉంచుకోకుండా, మిగతా కంపెనీలు కూడా అదే గుర్తు వాడేలా వదిలిపెట్టింది. అందువల్ల కంపెనీ మారినా గుర్తు మారదు. నురగ కళ్ళలోకి కారుతుండగా చెయ్యి చాచి సీసాను పక్కనుంచి తడిమితే, వేలికి గీట్లు తగిలితే అది షాంపూ.